గాడిద మీద దొరికిన పిడుదు

ఎదురుగా వచ్చే మనిషి ముఖాన్ని ఆమె ముందుగా చూడదు. చెవి వెనుక చూస్తుంది, మెడ మడతలో చూస్తుంది, మోచేతి లోపలి పల్లంలో చూస్తుంది. ముఖం ఆ తర్వాత. ఆవగింజంత ప్రాణిని సూదిమొన మీద తిప్పుతూ ఇన్నేళ్ళు గడిపాక చూపు చిన్నవాటికే అలవాటు పడిపోయింది. పెద్దవాటిని, అంటే ఆకాశాన్నీ, కొండనీ, తన వయసునీ, ఆమె ఎప్పుడో పక్కకి పెట్టేసింది.

పశువ్యాధుల పరిశోధనశాలలో అందరూ ఆమెను పిడుదులక్క అంటారు. ఆ పేరు పెట్టింది గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ తాత. మొదట్లో ఉడుక్కుంది. తర్వాత ఆ పేరు ఆమెను నిజంగా పిడుదులాగే పట్టుకుంది. లాగితే చర్మం ఊడొస్తుంది తప్ప అది రాదు.

తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా సరిగా నడక రాలేదు. వాడిని చంకనేసుకునే ఆమె పనికోసం ఆ గేటు దగ్గరికి వచ్చింది. సీసాలు కడిగే పని ఇచ్చారు. వాడు బల్లల కింద పాకుతుంటే ఆమె సీసాలు కడిగింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా తమ్ముడు చిన్నవాడంది. వాడు పెద్దవాడయ్యేసరికి ఆ మాటే రావడం మానేసింది. ఇప్పుడు వాడికి పెళ్ళాం, కూతురు, ఇటుక బట్టీ వెనుక వీధిలో రేకుల ఇల్లు, ఇటుకలూ ఇసుకా మోసే మూడు గాడిదలు. వీధిలో అలాంటి ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. కూతుర్ని అందరూ చిట్టి అంటారు. చిట్టి నేల మీద నడిచినప్పటికంటే గాడిద మీద కూచున్నప్పుడే ఎక్కువ కనిపిస్తుంది.

సీసాల దగ్గర్నుంచి సూక్ష్మదర్శిని దగ్గరికి ఆమెను తీసుకొచ్చింది డాక్టరమ్మ. ఆవిడ మాట తక్కువ మనిషి, చెప్పేటప్పుడు మాత్రం ఓపికగా చెప్పింది. పిడుదుల్లో రెండు పెద్ద కుటుంబాలు. వీపు మీద పెంకు లేనివి మెత్తవి, ఉన్నవి గట్టివి. గట్టివాటిలో మగదానికి పెంకు వీపంతా కప్పుతుంది. ఆడదానికి తల వెనుక చిన్న పలకలా ఉంటుంది, అది నెత్తురు తాగి ఉబ్బాలి కాబట్టి. వాటిలో కళ్ళున్నవి కొన్ని, లేనివి కొన్ని. కళ్ళు లేకుండా, నోటికి రెండు పక్కలా ఉన్న మీసాల్లాంటి భాగాలు బయటికి పొడుచుకొచ్చి తల ముక్కోణంలా కనిపిస్తే అది హీమాఫైసాలిస్ ప్రజాతి. అందులో ఏ జాతో తేల్చాలంటే వెల్లకిలా తిప్పి, కాళ్ళ మొదళ్ళలో ముళ్ళు వెతకాలి.

"పేరు రెండు మాటలుగా ఉంటుందక్కా. ముందుది ఇంటిపేరు, వెనకది సొంతపేరు. మనలాగే," అంది డాక్టరమ్మ.

ఆ ప్రజాతిలో, అడవిలో జ్వరాన్ని మోసే జాతికి పరిశోధనశాలలో అందరూ వాడే పేరు వేరు, తల పక్కల పొడుచుకొచ్చిన వాటిని బట్టి. కొమ్ముల పిడుదు. అది గుడ్డులోంచి ఆరు కాళ్ళతో వస్తుంది. ఎలుకనో, చుంచునో, నేల మీద మేత ఏరుకునే పిట్టనో పట్టుకుని తాగి, రాలిపోతుంది. కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళతో లేస్తుంది. ఈసారి కుందేలో, కోతో, దారి తప్పి వచ్చిన మనిషో. మళ్ళీ రాలుతుంది, మళ్ళీ కుబుసం. పెద్దదయ్యాక ఆవు, గేదె, దుప్పి. ఆ తర్వాత గుడ్లు, చావు.

"అంటే మూడు కొంపలు ముంచి గానీ పిల్లల్ని కనదన్నమాట. మా చిన్నకోడలు నయం," అన్నాడు వాచ్‌మన్ తాత ఇది విని.

ఆమె మనసులో నిలిచింది మాత్రం వేరే సంగతి. పిడుదు ఎగరదు. దూకదు. ఊరు దాటి నడవదు. గడ్డికొసన ముందుకాళ్ళు చాచి, ఎవరో వస్తారని ఎదురుచూస్తుంది. అది ఎక్కడ కనిపించినా అక్కడిదాకా దాన్ని మోసుకొచ్చిన ఒళ్ళు ఒకటి ఉండి తీరాలి. శాస్త్రంలో ఆ ఒంటిని అతిథేయి అంటారు. పిలవని చుట్టానికి కూడా ఎంత మర్యాదో అని ఆమె చాలాసార్లు అనుకుంది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అడవిలో కోతులు చచ్చిపడ్డాయి. తర్వాత కట్టెలు కొట్టేవాళ్ళకు జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడి, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పి, కొందరికి చిగుళ్ళలోంచి నెత్తురు. అడవి దారికి అడ్డంగా తాడు కట్టి, లోపలికి ఎవరూ పోకూడదని బోర్డు పెట్టారు. అయినా ఎన్నడూ అడవి మొహం చూడని దర్జీ భార్యకు జ్వరం వచ్చింది. ఆమెది బట్టీ వెనుక వీధే. ఆసుపత్రిలో పడుకుని ఎవరినీ గుర్తుపట్టడం లేదట.

కొమ్ముల పిడుదు వీధిలోకి వచ్చింది. ఎవరి ఒంటి మీద వచ్చింది? డాక్టరమ్మ ఊళ్ళో జంతువుల్ని దువ్వి చూడాలంది. కుక్కలవాళ్ళు, మేకలవాళ్ళు తలుపులేసుకున్నారు. పిడుదులక్క తమ్ముణ్ణి అడిగింది.

"ఏంటక్కా, నీ పురుగులకి నా బూడిదే దొరికిందా?" అంటూ వచ్చాడు. బూడిద వాడి పెద్ద గాడిద. "ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"అందర్నీ అడిగాను. తలుపులేసుకున్నారు. నువ్వైతే వేసుకోవుగా."

"తలుపుంటే కదా వేసుకోడానికి."

ఆమె వంగి బూడిద వెనక్కాలు పట్టుకుంది. అది తన్నడానికి చూసింది. తమ్ముడు పకపక నవ్వాడు. "చూశావా తాతా! అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడట. మా అక్కెంత!"

"వసుదేవుడిది ఒక్కపూట కష్టంరా," అన్నాడు వాచ్‌మన్ తాత. "మీ అక్కది నెలజీతం."

అదే పూట, గాడిదకు ముందు, అడవి అంచున వలలో పడిన కుందేలును దువ్వారు. దువ్వినప్పుడు రాలే పిడుదుల్ని పట్టే రెండు పళ్ళేలలో ఒకటి అడుగు పగిలి మూలన పడుంది. ఉన్న తెల్ల పళ్ళెంలోనే కుందేలు, దాంట్లోనే గాడిద.

మర్నాడు ఆమె ఒక్కొక్కటీ చూస్తూ పోయింది. ఇది ఊరకుక్కల మీద ఉండే రకం, ఇదీ అదే, ఇది వట్టి మట్టి. ఆ తర్వాతది కింద పెట్టగానే చేయి ఆగిపోయింది. రెండో దశ పిడుదు, నిండుగా తాగి ఉబ్బింది. ముక్కోణపు తల. కళ్ళు లేవు. కాళ్ళ మొదట్లో ముల్లు. పరిచయమైన ముఖం, రాకూడని ఇంట్లో కనిపించినట్టు.

"ఇది గాడిద మీదదేనా అక్కా?" అంది డాక్టరమ్మ.

"గాడిదని దువ్విన పళ్ళెంలోదే అమ్మా."

రెండు మాటలకూ మధ్య సందు ఉందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు. కాగితం ముక్క మీద పెన్సిల్‌తో 'గాడిద' అని రాసి ఆమె గొట్టంలో వేసింది. సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది.

కబురు పై ఆఫీసుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి పురపాలకం వాళ్ళకు వెళ్ళింది. సాయంత్రానికి బట్టీ వీధి గాడిదలన్నిటినీ తోలుకుపోయి ఊరి చివర పాత బందెలదొడ్డిలో పెట్టారు. ఏం చేయాలో తర్వాత చెబుతామన్నారు. ఆ తర్వాత చెప్పేదేమిటో వీధిలో ఎవరికీ తెలియనిది కాదు. గొయ్యి తవ్వడానికి మనిషిని మాట్లాడారని అప్పటికే పుకారు.

తమ్ముడు, మరదలు ఆమె గదికి వచ్చారు. చిట్టి తల్లి కొంగు పట్టుకుని ఏడ్చి ఏడ్చి నిద్రమొహంతో ఉంది. కూర్చోమంటే తమ్ముడు కూర్చోలేదు.

"ఊరంతా తలుపులేసుకుంది. నేను తెరిచాను. ఎందుకూ? మా అక్క అడిగిందని. బాగా బుద్ధొచ్చింది."

"నేను చూసింది చెప్పాన్రా."

"చూసింది చెప్పావు! సొంత తమ్ముడి నోటికాడ కూడు కనపళ్ళేదు గానీ గాడిద బొచ్చులో పురుగు కనపడింది."

"అలా అనకండి," అంది మరదలు నెమ్మదిగా. "వదిన కావాలని చేస్తారా?"

"నువ్వాగు. అక్కా, సూటిగా అడుగుతున్నా. అడవి పిడుదు నా గాడిద మీదకెలా వస్తుంది? బట్టీ, ఇసుక రేవు, ఇల్లు. అవి తిరిగేది అంతే. ఈ పిల్ల మీద ఒట్టేసి చెబుతున్నా..."

చిట్టి నెత్తి మీదకు పోతున్న అతని చేతిని మరదలు గబుక్కున పట్టుకుంది. "పిల్ల మీద ఒట్లేంటి? అసలే జ్వరాల రోజులు."

వాళ్ళు వెళ్ళాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. బట్టీ, ఇసుక రేవు, ఇల్లు. వాడు అబద్ధమాడడు. మరి పిడుదు?

అప్పుడు గుర్తొచ్చింది పళ్ళెం.

రెండు జంతువుల మధ్య పళ్ళేన్ని స్పిరిట్ దూదితో తుడవాలి. మరిగే నీళ్ళు పోయాలి. పళ్ళెం అంచు బయటికి మడిచి ఉంటుంది కదా, ఆ మడతలో సూది తిప్పాలి. ఎందుకంటే పిడుదుకు మడతలంటే ఇష్టం. చల్లని చీకటి సందు దొరికితే అందులో దూరి కదలకుండా పడుంటుంది. కుందేలు మీదది అలా దూరి, గాడిదను దువ్వేటప్పుడు బయటికి వచ్చి ఉంటే?

తను ఆ పూట పళ్ళెం తుడిచిందా?

తుడిచే ఉంటుంది. ఎప్పుడూ తుడుస్తుంది. కానీ ఎప్పుడూ చేసే పనికి జ్ఞాపకం ఉండదు. రోజూ నడిచే దారిలో ఏ అడుగు ఎక్కడ వేశామో ఎవరికి గుర్తు? కళ్ళు మూసుకుంటే చేతులు కనిపిస్తున్నాయి, దూది కనిపిస్తోంది, పళ్ళెం మీద ఆవిరి లేస్తోంది. అది ఆ పూటదో మరో పూటదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. తన చేతులనే తను అన్నేసి పూటల్లోంచి ఏరుకోవలసి వచ్చింది. తుడవడం మరిచిపోయి ఉంటే బాగుండునని ఆమె జీవితంలో మొదటిసారి కోరుకుంది. ఆ కోరికే ఆమెను భయపెట్టింది.

పొద్దున డాక్టరమ్మ ఎదుట నిలబడింది.

"పళ్ళెం తుడిచానో లేదో నాకు గుర్తులేదమ్మా."

డాక్టరమ్మ తలెత్తింది. "తుడవలేదంటావా?"

"తుడవలేదని చెప్పలేను. తుడిచానని కూడా చెప్పలేను."

"గాడిదలు నీ తమ్ముడివి కాబట్టి..." ఆవిడ మాట సగంలో ఆపేసింది.

"వాడివి కాకపోతే నాకీ అనుమానమే వచ్చేది కాదు. అదేనమ్మా నా భయం. నిజంగా అనుమానిస్తున్నానో, వాడికోసం అనుమానం పుట్టించుకుంటున్నానో నాకే తెలీటం లేదు."

డాక్టరమ్మ గాజు పలక మీది పిడుదును దగ్గరికి లాక్కుంది. "దాని కడుపులో నెత్తురుంటే కుందేలుదో గాడిదదో తేల్చేవాళ్ళం. ముళ్ళు బాగా కనపడాలని క్షారంలో వేసి నేనే కడిగించాను. ఇప్పుడది వట్టి డొల్ల." ఆవిడ కళ్ళు నులుముకుంది. "దొడ్డిలోనే అన్నిటినీ మళ్ళీ దువ్వుదాం. ఒక్కొక్క దానికి ఒక్కో తెల్లకాగితం పరిచి. దొరక్కపోతే నేనే వెళ్ళి ఆఫీసులో చెబుతాను, పొరబాటు మాదని."

బందెలదొడ్డి గోడలు నడుము ఎత్తు. లోపల గాడిదలు ఒకదాని మెడ మీద ఒకటి తల ఆనించి నిలబడ్డాయి. బరువు లేని వీపులు ఎలా పెట్టుకోవాలో తెలియక అవి కూడా ఇబ్బంది పడుతున్నట్టున్నాయి. డాక్టరమ్మ, ఇంకో ఇద్దరు పనివాళ్ళు అటు చివర మొదలుపెట్టారు. పిడుదులక్క తమ్ముడి గాడిదల దగ్గరికి వచ్చింది. పట్టుకోవడానికి తమ్ముడు రాక తప్పలేదు. ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాడు.

బూడిదను దువ్వింది. తోక కింద, తొడల సందున, జూలు మొదట్లో. కాగితం మీద రెండు గోధుమరంగువి రాలాయి. ఊరకుక్కలవి. కొమ్ములు లేవు. రెండో గాడిద మీద అదీ లేదు. ఆమెకు ఊపిరి తేలికగా ఆడింది. పొరబాటు తనదే. ఎంత మంచి పొరబాటు! ఇన్నేళ్ళ పేరు పోతే పోనీ.

మూడోది పిల్ల గాడిద. మెడ నిమిరి, చెవిని వెనక్కి మడిచింది.

చెవి మొదట్లో, లేత చర్మం మీద, మబ్బురంగు గింజ ఒకటి. రాలింది కాదు, తల లోపలికి దించి కరిచి పట్టుకుని ఉంది. ఇక్కడ పళ్ళెం లేదు. కుందేలు లేదు. మడత లేదు. చెవీ, పిడుదూ, ఆమె వేళ్ళూ.

"ఏంటి, అదేనా?" అన్నాడు తమ్ముడు.

"అద్దం కింద చూస్తే గానీ..."

"నీ మొహం చూస్తే నాకు తెలీదా." అతను గొంతు తగ్గించాడు. అటు చివర డాక్టరమ్మ వీపు తిప్పి ఉంది. "అక్కా, నలిపెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క గోటి నొక్కు. ఎవరు చూశారు?"

ఆమె చెవి వదల్లేదు. "ఎటు వెళ్ళావురా?"

"ఎటూ వెళ్ళలేదన్నానుగా."

"పిడుదుకి రెక్కల్లేవు. ఎటు వెళ్ళావు?"

అతను గోడకేసి చూశాడు. "జ్వరాల భయంతో బట్టీ ఆపేశారు. ఇసుక అడిగేవాడు లేడు. ఇంట్లో పిల్లకి ఏం పెట్టను? తాడు అవతల ఎండుకట్టె కొండలా పడుంది, కొట్టేవాళ్ళు లేక. వీటి మీద వేసుకొచ్చాను. వీధిలో అమ్మాను."

"ఎవరెవరికి?"

అతను పిల్ల గాడిద జూలులో వేళ్ళు దూర్చాడు. "దర్జీ ఇంటి పెరట్లో దించాను. ఆవిడే దగ్గరుండి మోపులు పేర్పించుకుంది."

ఆమెకు వాడి మీద కోపం రావలసింది. దానికి బదులు, బల్ల కింద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పసివాడు గుర్తొచ్చాడు; పరుగున వెళ్ళి నోట్లో వేలు పెట్టి తీసేది.

"సరే, నలిపేస్తాను," అంది మెల్లగా. "నీ గాడిదలు ఇంటికొస్తాయి. రేపు చిట్టి దీన్నెక్కి కూచుంటుంది. ఈ చెవులే పట్టుకుంటుంది. నలపమంటావా?"

అతను పిల్ల గాడిద చెవిని చూశాడు. తర్వాత తనే వంగి, రెండు చేతులతో ఆ చెవిని కదలకుండా పట్టుకున్నాడు.

"తియ్యి," అన్నాడు.

ఆమె పట్టకారును చర్మానికి ఆనించి, మెలితిప్పకుండా నిదానంగా లాగింది. తల తెగకుండా వచ్చింది. గొంతెత్తి డాక్టరమ్మను పిలిచింది. ఆ పిలుపు ఆమెకే పరాయి గొంతులా వినిపించింది.

తాడు దాటి వెళ్ళిన సంగతి తమ్ముడే డాక్టరమ్మకు చెప్పాడు. ఆవిడ కేకలేయలేదు. "దారి చూపిస్తావా?" అంది. చూపిస్తానన్నాడు. గాడిదల సంగతి అడిగితే, మందుతో కడిగి, వానలు పడి పిడుదులు తగ్గేదాకా దొడ్డిలోనే ఉంచమని రాస్తానంది. పై వాళ్ళు వింటారో లేదో తనకు తెలియదని కూడా చెప్పింది.

మరుసటి పొద్దున అతను ముందు నడిచాడు. వెనుక ప్యాంటు కాళ్ళను మేజోళ్ళలోకి దోపుకుని డాక్టరమ్మ, ఆమె వెనుక పిడుదులక్క. కర్రకు కట్టిన తెల్లటి మందపు గుడ్డను గడ్డి మీద ఈడ్చుకుంటూ పోవాలి. జంతువేదో పోతోందనుకుని పిడుదులు దాన్ని పట్టుకుంటాయి. ఎండుటాకుల మీద గుడ్డ సరసరమని పాకింది. గాడిద గిట్టలు తొక్కిన జాడ ఇంకా ఉంది. అతను ఒక చోట ఆగి, "ఇక్కడే కట్టె ఎత్తింది," అన్నాడు. గుడ్డ తిరగేశారు. తెల్లటి దాని మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు. చుక్కలు మెల్లగా నడుస్తున్నాయి. ఆమె పట్టకారుతో ఏరసాగింది. ఏరేకొద్దీ ఉన్నాయి.

అతను ఆ గుడ్డనే చూస్తూ నిలబడ్డాడు. "ఇవన్నీ నేనే మోశానా అక్కా?"

ఆమె ఇంకో చుక్కను ఏరి సీసాలో వేసింది. లేదంటే అబద్ధం. అవునంటే వాడు తట్టుకోలేడు.

తిరుగుదారిలో బట్టీ వీధి మలుపు దగ్గర డాక్టరమ్మ సీసాలు తీసుకుని వెళ్ళిపోయింది. అక్కాతమ్ముళ్ళు ఇద్దరే మిగిలారు. అతను ఇంటివైపు తిరగలేదు.

"దర్జీకి చెప్పాలి కదా?"

"చెప్పాలి. పెరట్లో కట్టె ఇంకా ఉందేమో. ఇంట్లో పిల్లలున్నారు."

"కొడతాడేమో."

"కొట్టొచ్చు."

"నువ్వూ వస్తావా?"

"పద."

దర్జీ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కుట్టుమిషన్ తిరుగుతోంది. భార్య ఆసుపత్రిలో ఉన్నా ఒప్పుకున్న బట్టలు కుట్టక తప్పదు కాబోలు. అతను గడప ముందు నిలబడి, చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విడిచాడు. ఆమె పక్కనే నిలబడింది, ముందుకు తొయ్యలేదు.

"అన్నా," అని పిలిచాడు. మిషన్ చప్పుడులో లోపలికి వినపడలేదు. ఇంకోసారి, గట్టిగా, "అన్నా, ఓసారి బయటికి రా," అన్నాడు.

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.